కుడివైపు గొంతు

రెండో పాట అయిపోయాక ఇరిస్ వాల్‌మన్ చనిపోయింది. వెక్షో ఊరి డాన్సు పార్కులో, ఆదివారం సాయంత్రం, అంత జనం మధ్య. ఆవిడతో ఆడిన పెద్దమనిషి మర్యాదగా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు. తల వంచి థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు. ఆవిడ గోడకి చేరగిలబడింది. అలిసిపోయిందనుకున్నారు. తర్వాతి జత పాటలకి ఎవరో వచ్చి, ఆడదామా అని భుజం తాకితే పక్కకి ఒరిగిపోయింది. డాక్టరు గుండెపోటన్నాడు. మోచేతి పైన సూది గుచ్చిన మచ్చ మర్నాడుగాని బయటపడలేదు.

వేదిక మీద బేస్ గిటార్ వాయిస్తూ ఇదంతా చూసినవాడు సిక్స్‌టెన్ హల్లీన్. గూఢచార శాఖలో అతని సంకేతనామం ‘నాలుగో తీగ’. నీకేం భయం లేదు, నేనున్నానని ఇరిస్‌కి మాటిచ్చినవాడు కూడా అతనే.

"అంత దగ్గర్లో ఉండి ఏం చేశావు?" అని అడిగింది అతని పై అధికారి గున్నెల్ ఆస్క్.

"వాయించాను" అన్నాడు సిక్స్‌టెన్.

ఆవిడ ఫైలు మూసేసింది. నాలుగు తిట్టినా బాగుండేదని అతనికి అనిపించింది. వారం రోజులుగా కళ్ళు మూస్తే ఇరిస్ నీలం గౌను కనిపిస్తోంది.

కేసు చిన్నదేం కాదు. కార్ల్స్‌క్రూనా నౌకాదళం షిప్‌యార్డు నుంచి జలాంతర్గామి నమూనాలు సముద్రం దాటి పోతున్నాయి. వాటిని చేతులు మారుస్తున్న మనిషిని కళ్ళారా చూసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు, ఇద్దరూ యార్డులో పనిచేసే ఆడవాళ్ళు. అందులో ఒకరు ఇరిస్. రెండో ఆవిడ టూర్‌బోరీ నీమన్, వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్. సోమవారం జడ్జి ముందు సాక్ష్యం చెప్పాల్సింది ఇక ఆవిడ ఒక్కతే.

ఆ నమూనాలు కాజేస్తున్న ముఠా తాలూకు మనిషి ‘సోల్‌గ్లింట్’ బ్యాండు చుట్టుపక్కలే తిరుగుతున్నాడని శాఖకి చెప్పింది ఆ బ్యాండు గాయని వివెకా. మనిషి అందగత్తె. ఎర్ర గౌను వేసుకుని మైకు ముందు నిలబడితే పెళ్ళాల పక్కన కూర్చున్న మొగుళ్ళు కూడా మెడలు సాచేవారు. రెండేళ్ళుగా ముఠా జీతం తింటూ శాఖకి కబుర్లు చేరవేస్తోంది. ఆవిడ అక్క కాపురం ఉండేది ఆ నమూనాలు చేరుతున్న పరాయి దేశంలోనే, అందుకే ముఠా ఆవిడని నమ్మింది, అందుకే ఆవిడా వాళ్ళని వదల్లేకపోయింది. ఓసారి టాయిలెట్ గుమ్మం దగ్గర గున్నెల్ చెవిలో రెండే రెండు మాటలు ఊదింది. చంపమనే ఆజ్ఞ వైర్‌లెస్‌లో వస్తుంది, డాన్సు జరుగుతుండగానే వస్తుంది, ఇచ్చేదెవరో తనకింకా తెలియదు. తన మాట ఎవరో ఎప్పుడూ వింటూనే ఉంటారు, ఇక తనని కలవద్దు. అంతే. ఆ తర్వాత పెదవి విప్పలేదు.

దాంతో బేస్ వాయించేవాడికి చెయ్యి విరిగిందని చెప్పించి, ఆ స్థానంలో సిక్స్‌టెన్‌ని ఎక్కించారు. ఉద్యోగంలో చేరకముందు అతను పదేళ్ళు ఇలాంటి బ్యాండ్లలోనే తిరిగాడు. అతని ఆంప్లిఫయర్ పెట్టెలో శాఖ వాళ్ళు ఖరీదైన స్కానర్ దాచారు. గాలిలో ఎక్కడ ఏ దొంగ సంకేతం కదిలినా పట్టేస్తుంది. వెక్షోలో అది బ్యాండు తాలూకు తరంగం ఒక్కటీ వదిలేసి ఆకాశమంతా గాలించింది. ఏమీ దొరకలేదు.

శనివారం పొద్దున సిక్స్‌టెన్ టూర్‌బోరీ ఇంటికి వెళ్ళి, ఆ సాయంత్రం ఆవిడ ఊరి పార్కులో బ్యాండు వాయించే డాన్సుకి ఈ ఒక్క రోజూ రావద్దని బతిమాలాడు. ఆవిడ కాఫీ పోసి, దాల్చినచెక్క రొట్టె ముందుకు తోసి, అతను చెప్పిందంతా ఓపిగ్గా వింది.

"మా ఆయన చనిపోయిన వారంలో కూడా డాన్సుకి వెళ్ళాను నేను. ఇవాళ మానేస్తే ఎదురింటి వాళ్ళే అడుగుతారు, ఏమైందని. దాక్కున్నానని ఊరంతా తెలుస్తుంది. అది మంచిదా, మీరే చెప్పండి."

"ఇరిస్..."

"ఇరిస్ నా పక్క బల్ల మనిషి బాబూ. మీకంటే నాకే ఎక్కువ గుర్తుంది." కప్పు కింద పెట్టింది. "నన్ను చూసుకుంటారా లేదా?"

చూసుకుంటానన్నాడు. మళ్ళీ అదే మాట. ఆ మాట తన నోటి నుంచి వస్తుంటే అతనికే భయం వేసింది.

సాయంత్రం పార్కులో ఎండ ఇంకా చెట్ల మీదే ఉంది. వాఫుల్స్ కాలుతున్న వాసన, కాఫీ వాసన. సౌండ్ చూసే ఏగిల్, మైకులన్నీ వచ్చి చేరే మిక్సర్ పెట్టె ముందు ఫ్లాస్కు పెట్టుకుని అందరికీ బిస్కట్లు పంచుతున్నాడు. ఏగిల్ అంటే బ్యాండులో అందరికీ ఇష్టమే. ఒకప్పుడు వేదిక మీద కాళ్ళ దగ్గర బండరాళ్ళలాంటి స్పీకర్లు పెట్టుకుని, వాటి మోత మధ్య ఎవరి వాయిద్యం వాళ్ళు వినడానికి నానా పాట్లు పడేవారు. సిక్స్‌టెన్ చెవులు సగం పోయింది అక్కడే. ఏగిల్ వచ్చాక ఓ చవక వైర్‌లెస్ సెట్టు కొన్నాడు. నడుముకో రిసీవర్, చెవుల్లో మొగ్గల్లాంటి రెండు చిన్న ఇయర్‌ఫోన్లు. స్పీకర్లు పోయాయి. ఈ వయసులో మళ్ళీ హాయిగా వాయించగలుగుతున్నానంటే అతని చలవేనని సిక్స్‌టెన్ మనసులో దణ్ణం పెట్టుకునేవాడు.

చవకది గనక ట్రాన్స్‌మిటర్ ఒక్కటే, అందులో దారులు రెండు. ఎడమ దారిలో బేస్, డ్రమ్స్. కుడి దారిలో గాయనికి కావలసిన గొంతు, అకార్డియన్. అకార్డియన్ వాయించేవాడు మొగ్గలు పెట్టుకోడు గనక కుడి దారి వినేది గాయని ఒక్కతే. రిసీవర్ మీది నాబ్ ఎటు తిప్పుకుంటే ఆ దారి వినిపిస్తుంది. ప్రతివాడూ ఒక్కసారి తనవైపు తిప్పుకుని, ఇక దాని జోలికి పోడు. ఏగిల్‌ని అడిగేది కూడా ఒక్కటే, నా వాయిద్యం ఇంకొంచెం పెంచమని. వాద్యగాళ్ళ జాతి అంతా అంతే.

"సిక్స్‌టెన్, నన్ను కూడా కాస్త నీ చెవిలో పెట్టుకోవయ్యా" అంది వివెకా వేదిక ఎక్కుతూ. ఈ మాట అంతకుముందు కాల్మార్ డాన్సులోనూ అంది, వెక్షోలోనూ అంది.

"బేస్ వాడికి గాయనితో పనేంటి తల్లీ? పాట అయిపోతే మేమే చెప్తాం నీకు" అన్నాడు డ్రమ్స్ వాయించే బోర్యే. అందరూ నవ్వారు. సిక్స్‌టెన్ కూడా నవ్వాడు.

డాన్సు మొదలైంది. ఇక్కడి పార్కుల్లో ఒకరిని ఆడదామని పిలిస్తే రెండు పాటలు ఆడాలి. ఒకటి ఆడి వదిలేస్తే అవమానించినట్టు, మూడోది అడిగితే పెళ్ళి కబురు పెట్టినట్టు. బ్యాండు కూడా జతలుగానే వాయిస్తుంది. రెండోది అవగానే ఆగుతుంది, మగవాళ్ళు ఆడవాళ్ళని బెంచీల దాకా దిగబెడతారు. టూర్‌బోరీ ఆకుపచ్చ గౌను, తెల్ల బూట్లు వేసుకుని వచ్చింది. ఆవిడతో ఎవరు ఆడినా సిక్స్‌టెన్ కళ్ళు అక్కడే. గేటు పక్కన సాసేజీలు అమ్మే పిల్ల వేషంలో శాఖ ఏజెంట్ యిల్వా ఉంది. సిక్స్‌టెన్ రెండు చెవుల్లోంచీ మొగ్గలు తీసేస్తే ప్రమాదం అని గుర్తు. కానీ ప్రమాదం ఎటునుంచో తెలియాలిగా.

కొత్త జతకి ముందు వివెకా మైకులో జనం వైపు తిరిగింది. "అమ్మల్లారా, మా బేస్ వాయించే ఆయన్ని చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఆడదాని మాట వినడు. మీ ఇళ్ళల్లో ఉన్నారా ఇలాంటివాళ్ళు?"

బెంచీల మీద నవ్వులు. ఆవిడ మాత్రం నవ్వడం లేదు. సూటిగా సిక్స్‌టెన్ వైపే చూస్తోంది, ముక్కుపుటాలు అదురుతున్నాయి. అప్పుడు అతనికి గుర్తొచ్చింది. వెక్షోలో ఇరిస్ ఆడిన ఆఖరి జత పాటలకి ముందు కూడా వివెకా ఈ జోకే వేసింది.

మొదటి పాట మధ్యలో అతను నడుము దగ్గర చెయ్యి పెట్టి నాబ్‌ని కుడివైపు కడదాకా తిప్పాడు.

వివెకా గొంతు. అకార్డియన్. వాటి మీద, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు, ఏగిల్ గొంతు.

"ఆకుపచ్చ గౌను, తెల్ల బూట్లు. ఆఁ, ఇప్పుడు నీ చేతుల్లో ఉన్నావిడే. రెండో పాట అయ్యాక బెంచీ దగ్గర. వెక్షోలో లాగే."

సిక్స్‌టెన్ తలెత్తి చూస్తే ఏగిల్ మిక్సర్ మీదికి వంగి చిన్న మైకులో మాట్లాడుతున్నాడు. సౌండ్ వాళ్ళు రాత్రి పొడుగునా చేసే పనే. టూర్‌బోరీని తిప్పుతున్న పొడుగాటి మనిషి చెవిలో లేత రంగు మొగ్గ ఉంది. ఇక్కడ ఆడేవాళ్ళలో సగం మంది చెవుల్లో వినికిడి యంత్రాలే, ఎవడు చూస్తాడు? జేబులో ఇలాంటి చవక రిసీవర్ ఒకటి ఉంటే చాలు, బ్యాండు చెవుల్లో పడేదంతా వాడి చెవిలోనూ పడుతుంది. ఖరీదైన స్కానర్ పాట కదా అని వదిలేసింది అదే. తన చెవులు కాపాడాడని సిక్స్‌టెన్ దణ్ణం పెట్టుకున్నదీ ఆ మనిషికే.

రెండో పాట సగం అయింది. వాయించడం ఆపితే ఏగిల్ పసిగడతాడు, పని అక్కడికక్కడే కానిచ్చేస్తారు. మైకులో అరిస్తే అది వెళ్ళేది ఏగిల్ చేతికే. సిక్స్‌టెన్ రెండు మొగ్గలూ పీకి భుజం మీద పడేశాడు. యిల్వా చేతిలో పటకారు ఆగింది. ఎవరు, అన్నట్టు జనంలో వెతుకుతోంది. ఏగిల్ కూడా తలెత్తాడు.

ఆఖరి స్వరం వచ్చింది. సిక్స్‌టెన్ దాని మీద ఆగలేదు. అదే నడకతో దాటుకుని ముందుకి పోయాడు.

బోర్యే కళ్ళు పెద్దవి చేశాడు. అతని చెవిలో బేస్ తప్ప ఇంకేం లేదు గనక చేతులు వాటంతటవే వెంట వచ్చాయి. అకార్డియన్ ఒక్క క్షణం తడబడి కలిసింది. జనానికి థాంక్స్ చెప్పబోతున్న వివెకా గిర్రున తిరిగింది. సిక్స్‌టెన్ బోసి చెవులు చూసింది. ఆవిడ ముఖం పాలిపోయింది. కళ్ళు మూసుకుని మూడో పాట ఎత్తుకుంది.

మూడో పాట. ఆ పార్కు పుట్టాక ఎన్నడూ లేదు. జతలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, కొందరు ముసలాళ్ళు సిగ్గుపడ్డారు కూడా. కానీ వాయిద్యం మోగుతుండగా చేతిలోని మనిషిని వదిలేసి పోయేంత మొరటువాడు ఎవడూ ఉండడు. అందరూ మళ్ళీ అడుగు కలిపారు. ఒక్కడు తప్ప. రెండు పాటలయ్యాక వంగి, థాంక్స్ చెప్పి, బెంచీ దాకా దిగబెట్టాలని వాడికి ఎవరో నేర్పారు, వాడు నేర్చుకున్నాడు. మూడోది వస్తే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. అంతమంది గిర్రున తిరుగుతుంటే వాడొక్కడూ టూర్‌బోరీ మోచెయ్యి పట్టుకుని ఎదురు నడుస్తున్నాడు.

యిల్వా సాసేజీల బండి దాటి దూకింది.

"ఇదేం మర్యాదండీ, పాట మధ్యలో లాక్కుపోతారు?" అని టూర్‌బోరీ చెయ్యి విదిలించుకుంది. అదే సమయానికి దిగిన సూది ఆవిడ హ్యాండ్‌బ్యాగు తోలులో గుచ్చుకుని విరిగింది. రెండోసారి చెయ్యెత్తే వ్యవధి వాడికి యిల్వా ఇవ్వలేదు. ఏగిల్ మిక్సర్ మొత్తం ఆపేసి, వంటగది గుండా పరుగెత్తి, వాఫుల్స్ పిండి బకెట్టు తన్నుకుని బోర్లా పడ్డాడు. పార్కు సంఘం ఆడవాళ్ళు ముగ్గురు అతని మీదెక్కి కూర్చున్నారు. మైకులు మూగబోయినా బోర్యే డ్రమ్స్ ఆపలేదు. పాట మధ్యలో ఆపకూడదు కదా అన్నాడు తర్వాత.

గున్నెల్ కార్లు వచ్చేసరికి వివెకా వేదిక మెట్ల మీద కూర్చుని ఉంది. సిక్స్‌టెన్ పక్కన నిలబడ్డాడు. ఎందుకు ముందే చెప్పలేదని అడగబోయి, ఎన్నిసార్లు చెప్పిందో గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

"కాల్మార్‌లో చెప్పాను" అంది ఆవిడ. "వెక్షోలో చెప్పాను. మైకు వాడి చేతిలో ఉండగా ఇంకెలా చెప్పను? నువ్వు ఆ నాబ్ తిప్పి ఉంటే ఇరిస్ బతికేది."

"గాయనుల గోల అనుకున్నాను."

"అందరూ అదే అనుకుంటారు. వాడు ధైర్యంగా నా చెవిలో మాట్లాడింది అందుకే." చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది. "ఈపాటికి ఆ దేశంలో వాళ్ళు మా అక్క తలుపు తట్టి ఉంటారు."

"తెలిసే పాడావా మూడోది?"

ఆవిడ లేచి వట్టి కాళ్ళతో మెట్లు దిగింది. గున్నెల్ వచ్చి కారు తలుపు తీసింది. సిక్స్‌టెన్ ఆ కారు మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు. క్షమించమని అడగడానికి నోరు రాలేదు, అది ఇప్పటికీ అతన్ని తొలిచేస్తూనే ఉంది.

సోమవారం టూర్‌బోరీ సాక్ష్యం చెప్పింది. నమూనాలు చేతులు మార్చిన ఆ మనిషి ఏగిల్. మిక్సర్ వెనక వంగి కూర్చునే సౌండ్ మనిషి ముఖం డాన్సుల్లో ఎవరూ చూడరు, ఆవిడా చూడలేదు. శాఖ రిపోర్టులో ఘనత స్కానర్‌కి దక్కింది. వివెకాని ఎక్కడ దాచారో, ఆవిడ అక్క సంగతి ఏమైందో సిక్స్‌టెన్‌కి ఎవరూ చెప్పలేదు.

పాత బేస్ వాడి చెయ్యి ‘అతికే’ లోపు ఇంకో డాన్సు ఒప్పుకుని ఉంది. కొత్త సౌండ్ మనిషి వచ్చి రిసీవర్ అతని నడుముకి తగిలిస్తూ, చెవిలో ఏం కావాలని అడిగాడు.

"గాయని."

"కొత్తావిడ ఇంకా దొరకలేదుగా. ఇవాళ ఉత్త వాయిద్యాలే. ఆ దారి ఖాళీ."

"తెలుసు. ఉన్నప్పుడు వినలేదు" అన్నాడు సిక్స్‌టెన్, నాబ్ కుడివైపుకి తిప్పుకుంటూ. "అలాగే వదిలెయ్."