బదులు చప్పట

గుడియాత్తంలో నేతగాళ్ల వీధి చివర ఒక గది ఉంది. దానికి నోరుందంటారు. మీరేమన్నా తిరిగి అంటుంది... దగ్గితే దగ్గుతుంది. అక్కడే నలభై ఏళ్లు మగ్గం నేసి, అక్కడే కన్నుమూసిన కుప్పన్ ఇంకా ఆ గది వదల్లేదని వీధంతా నమ్మకం.

ఆ ఇల్లు కొన్న కృష్ణమూర్తికి నాదస్వరం రికార్డులంటే ప్రాణం. ఆ గదిలోనే కూర్చుని వినాలని ఆశపడ్డాడు. భార్య శారదమ్మ మాత్రం, "ఆ గది తిరిగి పలికేది మానితేనే కాపురానికొస్తా. లేదంటే ఇల్లు అమ్మేయండి," అని తేల్చేసింది. గది బాగుచేయించిన మర్నాడు తెల్లారి మగ్గాలు మొదలయ్యే లోపు తనే వచ్చి పరీక్ష చేస్తానంది.

అందుకే వేలూరు నుంచి ఉమాపతి వచ్చాడు. శబ్దం పీల్చుకునే ప్యానెళ్లు గోడలకు బిగించడం అతని పని. దెయ్యం సంగతి చెబితే పకపకా నవ్వాడు.

"ఉత్త గోడలప్పా! శబ్దం పోయి తగిలి తిరిగొస్తాది, అంతే. ప్యానెళ్లు పడితే మీ దెయ్యానికి గొంతు పోతాది."

పొద్దున్నుంచీ గోడలకు రంధ్రాలు వేసి బిగిస్తూనే ఉన్నాడు. పని కుదిరిందో లేదో తేలాలంటే చప్పట కొట్టి వినాలి. వినాలంటే వీధిలో మరమగ్గాలు ఆగాలి. అవి ఆగేది రాత్రి పదిన్నరకు. తొమ్మిదింటికే కృష్ణమూర్తికి వేలూరులో అర్జంటు పని గుర్తొచ్చింది. భయం కాదు లెండి... పనే!

మగ్గాలు ఆగాయి.

ఉమాపతి గది మధ్యలో నిలబడి ఒక చప్పట కొట్టాడు. గోడలు దాన్ని మింగేశాయి. హమ్మయ్య అనుకుని మీసం దువ్వుకున్నాడు. అప్పుడు—

చప్.

మెల్లగా... ఎక్కడి నుంచో.

గోడలైతే ఇంతసేపు ఆలోచించి బదులివ్వవు. ఎందుకు కొట్టాడో తనకే తెలియదు గానీ, ఈసారి రెండు కొట్టాడు.

చప్... చప్.

"ఎ... ఎవురది?"

తలుపు కిర్రుమంది. గుమ్మంలో తెల్ల పంచె, తెల్ల గడ్డం...

ఇద్దరూ ఒక్కసారే కెవ్వుమన్నారు.

ముందు తేరుకున్నది ఆ ముసలాయనే. చేతులు జోడించాడు.

"కుప్పా... ఇంత తెల్లగా అయిపోయినావేంరా నాయనా!"

ఉమాపతి తనను తాను చూసుకున్నాడు. తల నుంచి కాళ్ల దాకా గోడల సున్నం పొడి.

"కుప్పన్‌ను కాదు తాతా... ఉమాపతిని. ప్యానెళ్లు బిగించేవాణ్ణి."

పక్కింటి చిన్నమణి తాత గడప మీద కూలబడ్డాడు. తనూ కుప్పనూ ఒకే ఈడు నేతగాళ్లట. రాత్రి మగ్గం దిగేటప్పుడు ఒకరు చప్పట కొడితే రెండోవారు బదులు కొట్టేవారు. 'నా పని అయింది, ఇక పడుకో' అని దానర్థం. బదులు వినకుండా ఏ ఒక్కరోజూ పడుకోలేదట.

"వాడు పోయి ఆరేండ్లయింది. ఈ చెవి ఇంకా వినపడతాదేమోనని చూస్తానే ఉండాది," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

ఉమాపతికి జాలేసింది. దాంతోపాటు ప్రాణం లేచొచ్చింది. దెయ్యం దొరికింది! ఈ తాత ఊరుకుంటే శారదమ్మ కాపురానికి వచ్చినట్టే.

"తాతా, తెల్లారి ఒక చప్పట వినపడతాది. బదులు కొట్టొద్దు, సరేనా?"

"సరి నాయనా. మూడు రాత్రులుగా కొడతా ఉండేది నువ్వేనా? నేను వాడే అనుకుంటి..."

తాత గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఉమాపతి అక్కడే నిలబడిపోయాడు. తను వేలూరులో బస్సెక్కింది ఈ పొద్దున్నే.

తెల్లారి శారదమ్మ చప్పట కొట్టింది. గది పలకలేదు. ఆమె ముఖం విప్పారింది.

"దెయ్యం పోయినట్టేనా అప్పా?"

"గోడల్లో లేదమ్మా," అన్నాడు ఉమాపతి, సంచి సర్దుకుంటూ. అందులో అబద్ధం లేదు.

"ఉండి రాత్రికి భోంచేసి పో నాయనా. మగ్గాలు ఆగినాక ఆయన నాదస్వరం పెడతారు."

ఆమె మాట పూర్తయ్యేసరికి ఉమాపతి వీధి మలుపు తిరిగేశాడు.