చెరపని ఫోటో

"ఎన్ని తీశారు?"

"రెండొందల పన్నెండు."

"రెండొందల పదకొండే ఉన్నాయే!"

"ఒకటి కళ్లతో తీశానండీ."

ఆమె నవ్వలేదు. కార్డు ఖాళీ చేసి, బ్యాగుకి సీలు వేసింది.

మూడు నెలల్లో రాబోయే కెమెరాకి నేను టెస్టర్ని. దాని పేరు కనబడకుండా నల్ల టేపు చుట్టి పగలంతా ఫోటోలు తీయాలి. సాయంత్రం లాకర్ గదిలో అప్పగించాలి. ఫోటోలు ఆఫీసు కంప్యూటర్లోకి ఎక్కించేదీ, కార్డు చెరిపేదీ ఈ సీలు మేడమే. ఆ పది నిమిషాల కోసమే నేను గోడల్నీ చెట్లనీ ఓపిగ్గా ఫోటో తీసేవాణ్ని.

ఒక వానరోజు, చినుకులు జారే అద్దం వెనక ఆమె ఫోన్లో అక్కతో మాట్లాడుతూ నవ్వింది. నొక్కేశాను.

"ఇదేంటి?"

"వానండీ. వెలుతురు టెస్టు."

"వాన వెనకాల నేనున్నాను."

"చెరిపేయండి మరి."

"చెరిపేశాను లెండి," అంది, స్క్రీను నావైపు తిప్పకుండా.

వారం తిరక్కుండా ఆ ఫోటో ఇంటర్నెట్లో! 'రాబోయే కెమెరా తీసిన మొదటి ఫోటో' అట. అందులో దాగున్న నంబరు నా కెమెరాదే. "ఆమె చెరిపానంది" అంటే నేను బయటపడతాను, ఆమె ఇరుక్కుంటుంది. మేనేజరు ముందు తప్పు నాదే అన్నాను. నన్ను ఊరి చివర రిపేరు కౌంటర్లో కూర్చోబెట్టారు.

నలభై మూడు రోజులు. సాయంత్రం ఆరైతే చాలు, ఎవరూ అడక్కపోయినా "రెండొందల పన్నెండు" అని గొణుక్కునేవాణ్ని. ఆమె మీద కోపం రావాలి కదా? రాలేదు. బెంగే వచ్చింది.

కెమెరా విడుదలైన రోజు, తడిసిన గొడుగుతో ఆమె కౌంటరు ముందుకొచ్చింది.

"నేనే దాచుకున్నాను. అక్కకి పంపాను, 'నన్ను ఒకాయన ఇలా చూస్తున్నాడే' అని. ఆవిడ మురిసిపోయి స్నేహితురాలికి పంపిందట, అక్కణ్నుంచి ఇంటర్నెట్లోకి ఎక్కింది. అడిగితే తెలీదని ఒట్టేసింది. మీరూ ఒక కాపీ దాచుకుని బయటపెట్టారనుకున్నాను. నిన్న అక్క నిజం చెప్పింది. పొద్దున్నే వెళ్లి మేనేజరుకి చెప్పేశాను."

"ఉద్యోగం?"

"ఉంది. సీలు వేసే పనే పోయింది." గొంతు తగ్గించింది. "సాయంత్రాలు గడవడం లేదండీ."

"నాకూ," అన్నాను.

సంచిలోంచి కొత్త కెమెరా తీసి నా చేతిలో పెట్టింది. టేపు లేదు.

"ఈసారి అద్దం అడ్డం లేదు. తీయండి."

తీశాను. రోజుకి రెండొందలు తీసినవాణ్ని, ఆ ఒక్కదానికి కెమెరా కదిలించేశాను; ఆమె ముఖమంతా చెదిరిపోయింది.

"బాగా రాలేదు, చెరిపేస్తాను."

ఆమె కెమెరా లాక్కుని గుండెకి అదుముకుంది.

"ముట్టుకున్నారంటే ఊరుకోను!"