మూడో నంబర్ ట్యాంక్

ఇంజనీర్ రామేశ్వర్‌రావు శవం మీద చిన్న గాయం కూడా లేదు. మూడో నంబర్ ట్యాంక్ కింద, వాల్వు గుంతలో, మెట్టుకు తల ఆనించి నిద్రపోతున్నట్టు కూర్చుని ఉన్నాడు.

"విషమా సార్?" ఫోటో చూస్తూ అడిగాడు ఏజెంట్ పర్శరాములు.

"కార్బన్ డయాక్సైడ్," అన్నాడు చీఫ్ జగపతిరావు. "మనం వదిలే గాలే. మామూలు గాలికన్నా బరువు. గుంతలో నిండితే మనిషి అరవకుండానే పోతాడు. ఎవరో ఆయన్ని లోపలికి దింపి పైన మూత బిగించారు."

అది 1991 డిసెంబర్. మంథని దారిలో, గోదావరి ఒడ్డున, ఒక చిన్న థర్మల్ స్టేషన్‌లో ప్రయోగం జరుగుతోంది. చిమ్నీ పొగను రసాయనంతో కడిగి, అందులోని కార్బన్ డయాక్సైడ్‌ను విడదీసి ట్యాంకుల్లో నింపుతారు. అక్కణ్ణించి బోరు గుండా, ఎవరూ తవ్వలేనంత లోతున ఉన్న బొగ్గు పొరల్లోకి పంపుతారు. ఆ ఆలోచన రామేశ్వర్‌రావుదే.

"పనిచేస్తోందా సార్?"

"చేస్తోంది. కానీ స్టేషన్ కరెంటులో నాలుగో వంతు అదే మింగుతోంది. లోపలికి పంపిన గ్యాస్ ఎన్నాళ్లు లోపలే ఉంటుందో ఎవరూ చెప్పలేరు. అయినా మన బొగ్గు ఇంకా నూరేళ్లు కాలుతుంది పర్శరాములూ. ఇది చౌకగా సాధిస్తే మిగతా దేశాలు మన గుమ్మం ముందు నిలబడతాయి. అది గిట్టని విదేశీ ముఠా ఒకటుంది. వాళ్ల మనిషి కెల్నర్, కన్సల్టెంట్ వేషంలో అక్కడే ఉన్నాడు. మన దగ్గర ప్రూఫ్ లేదు."

"లోపల మనవాళ్లు?"

"అతని ఇంటర్‌ప్రెటర్, సరళాదేవి. ఆదిలాబాద్ పత్తి జిన్నింగ్ మిల్లు వాళ్లమ్మాయి. మనకూ పనిచేస్తుంది, వాళ్లకూ పనిచేస్తుంది. ఎవరికెక్కువో నాకు తెలియదు."

చీఫ్ ఒక చేతి గడియారం అందించాడు. గ్యాస్ తగిలితే దాని ముల్లు ఎర్ర గీత దాటుతుందట.

పర్శరాములు పంప్ ఆపరేటర్ ఖాకీ బట్టల్లో స్టేషన్‌లో చేరిన రెండో రోజు సాయంత్రం, క్యాంటీన్ వెనక, నల్ల కళ్లద్దాలు, ఆవపూవు రంగు పట్టుచీర కనిపించాయి.

"గోదావరిల నీళ్లెట్లున్నయి?" అంది ఆమె.

"మోకాళ్ల మట్టం. దాటొచ్చు."

కోడ్ కలిసింది. సరళాదేవి గొంతు తగ్గించింది. "రేపు ప్రాజెక్టు తనిఖీకి ఢిల్లీ టీమ్ వస్తది. వాళ్లు రాకముందే కెల్నర్ మూడో ట్యాంక్ ఖాళీ చేస్తడు. కింద మగ్గాలు నేసే సాలోళ్ల వాడ ఉంది. గాలి లేదు. గ్యాస్ మొత్తం అక్కడికే దిగుతది. ఢిల్లీవాళ్ల కళ్లముందు శవాలు లేస్తే ఇంకెవరూ ఈ పని ముట్టుకోరు."

పర్శరాములు వెంటనే చీఫ్‌కు ఫోన్ చేశాడు. అరెస్ట్‌కు పర్మిషన్ రాలేదు. విదేశీయుడు, పైగా ప్రభుత్వ అతిథి. వేచి చూడమన్నారు.

"మీరెవరి పక్షం?" తిరిగొచ్చి అడిగాడు.

"తెలుస్తది," అంది ఆమె.

తెల్లారింది. పొగమంచు. అనుకున్నదానికన్నా ముందే ట్యాంక్ దగ్గర బుస్సుమని శబ్దం మొదలైంది. పర్శరాములు వెళ్లేసరికి వాల్వు చక్రం ఊడదీసి ఉంది. గ్యాస్ అక్కడ మాత్రం చల్లటి మంచులా కనిపించి, ఆపైన కంటికి ఆనకుండా పల్లానికి జారుతోంది. గుంత పక్కన సరళాదేవి, భుజాన ఆక్సిజన్ సిలిండర్, చేతిలో పెద్ద స్పానర్.

"మాస్క్ ఒక్కటే దొరికింది. మీరు వాడకు ఉరకండి. మీ ఖాకీ బట్టలు చూస్తే వింటరు. ఈ పట్టుచీర చూస్తే నా మాట ఎవరు నమ్ముతరు?"

అతను వాదించేలోపే ఆమె మెట్లు దిగిపోయింది.

వాడలో మరమగ్గాల చప్పుడు. ఎంత అరిచినా ఎవరికీ వినపడలేదు. స్తంభం దగ్గర ఫ్యూజు పీకేశాడు. మగ్గాలన్నీ ఒక్కసారే ఆగాయి.

పెద్దామె కనకవ్వ కోపంగా బయటికొచ్చింది. "మగ్గాలెందుకు బంద్ వెట్టినవ్ సారూ?"

"గ్యాస్ వస్తుందవ్వా. అందరూ బూడిద గుట్ట ఎక్కండి."

"ఏది? పొగ లేదు, వాసన లేదు. ఉత్తగ పరేషాన్ చేస్తున్నవ్."

గడియారం చూశాడు. ముల్లు కదల్లేదు. అది బొగ్గు గనుల్లో అంటుకునే గ్యాస్‌కు తయారైన గడియారమని, ఈ గ్యాస్‌కు కాదని అప్పుడర్థమైంది. చేతిలో ఇంకేమీ లేదు. కనకవ్వ దేవుడి గూట్లోని దీపం తీసుకుని, వాడలో అన్నిటికన్నా కిందున్న ఇంటి గడప దగ్గర నేలకు దించాడు. దీపం చప్పున ఆరిపోయింది. వెలిగించి మళ్లీ దించాడు. మళ్లీ ఆరిపోయింది.

కనకవ్వ మనవరాలిని చంకనెత్తుకుని, వెనక్కి తిరిగి, "నడువుండ్రి," అంది. ముసలివాళ్లను మోసుకుంటూ వాడంతా గుట్టెక్కింది.

పైనుంచి చూస్తుంటే కింద ఒక మేక ముందుకాళ్లు వంచి పడుకుంది. తర్వాత కోళ్లు. కంటికి కనిపించనిదేదో ఇల్లిల్లూ ఎక్కుతోంది. గుట్ట సగం వరకు వచ్చినట్టుంది. అడుగున కూర్చున్నవాళ్లు ఆయాసపడుతూ పైకి జరిగారు. ఇక జరగడానికి చోటు లేదు. అప్పుడు బుస ఆగిపోయింది.

"గా వాల్వు కాడ ఎవలున్నరు?" అడిగింది కనకవ్వ.

"ఒకామె ఉంది."

"పోయి ఆమెను తీస్కరారాదు మరి?"

"దిగితే నేనూ పైకి రాను అవ్వా," అన్నాడు. అతని గొంతు అతనికే నచ్చలేదు.

గాలి లేచేదాకా నిలబడే ఉన్నాడు. శత్రువును కాల్చొచ్చు, కొట్టొచ్చు. గాలి కోసం మాత్రం ఎదురుచూడాల్సిందే. చివరికి గుంతలోకి దిగేసరికి వాల్వు బిగిసి ఉంది. సరళాదేవి వేళ్లు ఇంకా స్పానర్ మీదే ఉన్నాయి. సిలిండర్ ఖాళీ.

వాల్వు చక్రంతో సహా కెల్నర్ గేటు దగ్గరే పట్టుబడ్డాడు. మధ్యాహ్నం వచ్చిన ఢిల్లీ టీమ్ వాడలో మనుషులందరూ క్షేమమని రాసుకుని టీ తాగి వెళ్లింది.

సంక్రాంతి దాటాక చీఫ్ పిలిచాడు. "ప్రాజెక్ట్ మూసేశారు. కరెంటు ఎక్కువ తింటోందట. ట్యాంకులు తుక్కు కింద పోతాయి. పొగ ఎప్పట్లాగే చిమ్నీలోంచి."

"కెల్నర్‌కు తెలుసా సార్?"

"జైల్లో పేపర్ చదివాడట. ప్రాజెక్ట్ మూసేసే ఆర్డర్ మీద సంతకం పెట్టినాయన తమ ముఠాలో ఎప్పుడు చేరాడని జైలర్‌ను అడిగాడట."