మాటకు సరిపడా సిరా

జగన్నాథపురం వంతెన దగ్గర ఆగే బస్సులకు బోర్డులుండవు. ఆ మాటకొస్తే కాకినాడలో ఏ బస్సుకూ ఉండవు. దుకాణాలకు పేర్లుండవు, మందుసీసాల మీద చీటీలుండవు, వీధి మొదట్లో పలకలుండవు. ఎవరికి ఏం తెలియాలో వాళ్ళ చెవిపూస వాళ్ళకు చెబుతుంది. పెసరగింజంత ఉండే ఆ పూసను బిడ్డకు ఏడాది నిండగానే చెవి లోపల అమరుస్తారు. ‘ఇదే నీ బస్సు, ఎక్కు’ అంటుంది. ‘ముందు మెట్టుంది, చూసుకో’ అంటుంది. చుట్టూ ఉన్న రొదనంతా తుడిచేసి అవసరమైన మాటను మాత్రమే వినిపిస్తుంది. అందుకే పొద్దున్న రద్దీవేళలో కూడా వంతెన మీద జనం ఎవరి నిశ్శబ్దంలో వాళ్ళు నడిచిపోతుంటారు.

ఆ నిశ్శబ్దంలోనే ఎస్తేరు కూతురు తప్పిపోయింది.

చేపల గిడ్డంగిలో పనికి వెళుతూ, దారిలో బళ్ళో దింపుదామని ఎస్తేరు ఏడేళ్ళ కెజియాను వెంట తీసుకొచ్చింది. జనం తోసుకున్నారు. చేయి జారింది. అమ్మ ఎక్కిందనుకుని పిల్ల పక్క బస్సెక్కేసింది. తలుపులు మూసుకున్నాయి. కెజియాకు పుట్టుకతోనే వినికిడి నరం లేదు. ఆమె చెవిలో పూస పెట్టినా గులకరాయి పెట్టినా ఒకటే.

ఎస్తేరు తన పూసలోనే రవాణా వాళ్ళను పిలిచి మొరపెట్టుకుంది.

"పాప పూస గుర్తింపు చెప్పండి," అంది అవతలి గొంతు, చాలా మర్యాదగా.

"మా అమ్మాయికి పూస లేదండీ. పచ్చగౌను వేసుకుంది, రెండు జడలు..."

"పూస లేని ప్రయాణికులు ఎవరూ లేరండీ."

తోలేవాడు లేని ఆ బస్సు పూసల్ని లెక్క చూసుకుంది. లోపల ఎవరూ లేరని నిర్ధారించుకుని సామర్లకోట డిపోకు పోయి, దీపాలార్పుకుని, తలుపులు బిగించుకుని నిలబడింది. మధ్యాహ్నం బస్సులు కడగడానికొచ్చిన ఒకావిడ అద్దం వెనక చిన్న అరచేతులు చూసి కేక పెట్టింది. ఎస్తేరు, ఆమె భర్త ప్రభుదాసు అక్కడికి చేరేసరికి ఏడ్చి ఏడ్చి పిల్ల గొంతు పోయింది. తల్లి ఎత్తుకున్నా మొహం తిప్పుకుంది.

ఇంటికొచ్చాక పక్కింటి అప్పలకొండ పలకరించడానికి వచ్చాడు. రేవులో క్రేను నడిపి విశ్రాంతి తీసుకుంటున్న సిక్కోలు మనిషి.

"పిల్లకి అచ్చరాలు నేర్పండమ్మా," అన్నాడు. "మా చిన్నప్పుడు బస్సు మీద ఊరిపేరు రాసుండేది. సెవిటోడైనా సదూకుని ఎక్కీవోడు."

"అక్షరాలెవరికి వచ్చు బాబాయిగారూ? మాకే రావు," అంది ఎస్తేరు.

"నాకొచ్చు గదేటి."

చెవిపూస వచ్చాక చదవడం ఎవరూ నిషేధించలేదు. అవసరం లేక అదే ఊడిపోయింది. ఒక తరం పిల్లల కళ్ళు పాడయ్యాక, పన్నెండేళ్ళ లోపు వాళ్ళకు తెరలు చూపించకూడదని చట్టం వచ్చింది. పూస అందరి చెవులకూ సరిపోతుందని నమ్మి, చేతిసైగలు నేర్పే బడులు కూడా మూసేశారు. ఇంట్లో కల్పించుకున్న సైగలు అన్నానికీ నిద్రకూ సరిపోతాయి కానీ ‘ఎందుకు’ అన్నదానికి సరిపోవు. కెజియాకు మిగిలింది కాగితం ఒక్కటే.

మాటను అక్షరంగా మార్చి కాగితం మీద వేసే ‘మాటచ్చు’ యంత్రాలు ఊరంతటికీ మెయిన్ రోడ్డులో హసీనా దుకాణంలోనే దొరుకుతాయి. కోర్టు వాళ్ళూ, సరదాకు శుభలేఖలు వేయించుకునే డబ్బున్న వాళ్ళూ తప్ప వాటిని కొనేవాళ్ళు లేరు. ఆదివారం ప్రార్థన కాగానే మొగుడూ పెళ్ళాలు అక్కడికి వెళ్ళారు.

హసీనా రెండు యంత్రాలు బల్ల మీద పెట్టింది. ఒకటి ఎర్రగా, రొట్టెల డబ్బాలా ముద్దుగా ఉంది. రెండోది బూడిదరంగుది, మొరటుగా, పక్కన నాలుగు గాజుతొట్లతో ఉంది. ఎర్రదాని ధర విని ప్రభుదాసు మొహం వికసించింది. రెండోదాని ధర వినగానే చేయి వెనక్కి తీసుకున్నాడు.

"ఎర్రది ఇచ్చెయ్యమ్మా."

"ఇచ్చేస్తాను అన్నయ్యా. కానీ తర్వాత నన్ను తిట్టుకోకూడదు," అంది హసీనా. ఎర్రదాని కడుపు తెరిచి చిన్న సిరాడబ్బీలు చూపించింది. "ఇవి అయిపోతే కంపెనీ డబ్బీలే కొనాలి. బయటి సిరా పోస్తే ఒప్పుకోదు, లోపల తాళం ఉంటది. ఇంకో తమాషా ఏంటంటే, పసుపు అయిపోయిందనుకోండి, నలుపు నిండుగా ఉన్నా అచ్చు వెయ్యదు. నాలుగైదు డబ్బీలు మార్చేసరికి యంత్రం ఖరీదు దాటేస్తది."

"మరి రెండోదో?"

"దీనికి సీసాతో సిరా పోసుకోవడమే. ఎంతుందో గాజులోంచి కనపడతానే ఉంటది. ఒక సీసా పోస్తే ఆ డబ్బీలు బుట్టెడు కొన్నట్టు. ఇంతకీ రోజుకెన్ని కాగితాలు వేస్తారు? దాన్నిబట్టే ఏది కొనాలో చెప్పగలను."

ప్రభుదాసు భార్య వైపు చూశాడు.

"మామూలుగా ఓ తల్లి బిడ్డతో రోజుకెంత మాట్లాడుతుందో, అంత," అంది ఎస్తేరు.

హసీనా నవ్వబోయి ఆగిపోయింది. ఎస్తేరు ఆమెకు కెజియా సంగతి చెప్పింది. హసీనా ఎర్రదాన్ని అల్మరాలో పెట్టేసింది.

"ఎస్తేరూ, పైకప్పు డబ్బులు అయిపోతాయి. వానలొస్తే మళ్ళీ కారుద్ది," అన్నాడు ప్రభుదాసు మెల్లగా.

"కారితే గిన్నెలు పెట్టుకుందామండి. ఆ ఎర్రది కొన్నామంటే నోరు తెరిచినప్పుడల్లా సిరా గుర్తొస్తది. ‘వద్దు’, ‘తిను’, ‘పడుకో’ అని చెప్పి ఊరుకుంటాం. కథలు చెప్పం, కబుర్లు చెప్పం. పిల్లతో మాటలు కొలుచుకు మాట్లాడాల్సొస్తది."

ప్రభుదాసు బూడిదరంగు యంత్రాన్ని తనే భుజానికెత్తుకున్నాడు.

"రోజూ వాడాలక్కా!" హసీనా గుమ్మం దాకా వచ్చి చెప్పింది. "వారం ఊరికే ఉంచితే రంధ్రాల్లో సిరా గడ్డకట్టుద్ది."

మొదటి నెలలన్నీ వృథా అయినట్టే అనిపించాయి. అప్పలకొండ సాయంత్రాలు వచ్చి తలుపుకు ‘తలుపు’ అనీ, మంచానికి ‘మంచం’ అనీ కాగితాలు అంటించేవాడు. కెజియా వాటిని ముగ్గులనుకుంది. అందంగా ఉన్నాయని రంగులు వేసింది. చించి పడవలు చేసింది. ఎస్తేరు ఒక్కోసారి సిరాతొట్లు చూసి నిట్టూర్చేది.

ఒకరోజు అప్పలకొండ ఒకే రకం డబ్బాలు రెండు తెచ్చి, ఒకదాంట్లో ఉప్పు, ఇంకోదాంట్లో పంచదార పోశాడు. వాటి మీద పేర్లు అంటించాడు. కెజియా వేలితో ఒకటి నాకి మొహం చిట్లించింది, రెండోది నాకి నవ్వింది. మర్నాడు ఆయన డబ్బాల చోటు మార్చేశాడు. పిల్ల అలవాటుగా కుడివైపుది నాకి ఉమ్మేసింది. మూడో రోజు మళ్ళీ మార్చాడు. ఈసారి కెజియా చేయి గాలిలో ఆగింది. రెండు కాగితాలనూ మార్చి మార్చి చూసింది. తర్వాత తిన్నగా ‘పంచదార’ మూత తీసింది.

ఆ పూటంతా ఇల్లు ఇల్లులా లేదు. పిల్ల తల్లి కొంగు పట్టుకు లాగుతూ గోడనూ, బల్లినీ, తన మోకాలినీ, వంకాయనూ, కిటికీలోంచి పడే ఎండనూ చూపించి ఒక్కోదానికీ అక్షరాలు అడిగింది. ఎస్తేరు నోరు ఎండిపోయేదాకా యంత్రానికి చెబుతూనే ఉంది. నల్లసిరా మట్టం కళ్ళముందే దిగింది. ఎవరూ అటు చూడలేదు.

వానలొచ్చాయి. పైకప్పు కారింది. ప్రభుదాసు మంచాన్ని, యంత్రాన్ని గది రెండో మూలకు జరిపాడు. అలాంటి ఒక వాన సాయంత్రమే కెజియా పెన్సిలుతో రాసిన తన మొదటి కాగితం తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది. ఎస్తేరుకు అప్పటికి అక్షరాలు సగమే వచ్చు. కూతురు తన మొహంలోకే చూస్తుంటే, ఆమె ఒక్కో అక్షరం మీద వేలుపెట్టి కూడబలుక్కుంది. ‘బస్సులో ఏడ్చాను. అమ్మ ఎందుకు రాలేదు.’

ఇన్నాళ్ళూ పిల్ల ఏమనుకుంటూ ఉందో ఎస్తేరుకు అప్పుడర్థమైంది. తనను వదిలేశారనుకుంది. ఎస్తేరు లేచి యంత్రం ముందు కూర్చుంది. వంతెన మీద చేయి ఎలా జారిందో, బస్సుల వెంట ఎలా పరిగెత్తిందో, ఎవరెవరి కాళ్ళు పట్టుకుందో అంతా చెప్పింది. మధ్యలో ఏడుపొస్తే ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. యంత్రం ఏడుపును వదిలేసి మాటలు మాత్రం అచ్చువేసింది. కాగితాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కెజియా బోర్లా పడుకుని వాటిని చాలాసేపు చదివింది, తెలియని మాటలకు అప్పలకొండ ఇంటికి పరుగెత్తి వస్తూ. చివరికి వచ్చి తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది.

ఆ తర్వాత కెజియాకు ఇల్లు చాలలేదు. వీధిలోకి కాగితాలు తీసుకుపోయింది. ‘ఈ కుక్క కరవదు.’ ‘ఇక్కడ బురద.’ ‘కరుణమ్మ పిన్ని అరటికాయ బజ్జీలు బాగుంటాయి.’ చదవడం రాని జనం మొదట నవ్వుకుంటూ పోయారు. కానీ కరుణమ్మకు తన బండి మీద ఏం రాశారో తెలుసుకోకుండా నిద్రపట్టలేదు. అప్పలకొండను పట్టుకుని చదివించుకుంది, ఆ తర్వాత తనే నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఆమె చదువుతుంటే బజ్జీల కోసం ఆగినవాళ్ళు మెడలు సాచారు.

చెవిపూస ఎవరి మాట వాళ్ళకే చెబుతుంది. ఆ వీధిలో పక్కపక్కన నడిచే ఇద్దరు ఒకే మాట విని ఎన్నేళ్ళయిందో. గోడ మీది కాగితం మాత్రం అందరికీ ఒకటే. దాని ముందు ఆగినవాళ్ళు పక్కవాణ్ణి అడగక తప్పదు, "ఈ అక్షరం ఏంటండీ?" అని. అడిగాక పేరు చెప్పుకోకా తప్పదు. కొన్నాళ్ళకు సిరాసీసాలు వీధివాళ్ళే వంతులు వేసుకుని తేవడం మొదలుపెట్టారు.

ఎండాకాలం రాగానే కెజియా గోడ మీద ఒక ప్రశ్న అంటించింది.

‘సముద్రం ఎలా వినిపిస్తుంది? నాకు చెప్పండి.’

చదివినవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అంతా సముద్రం పక్కన పుట్టిపెరిగినవాళ్ళే. కానీ పూస దృష్టిలో సముద్రం ఒట్టి రొద. పసితనం నుంచీ దాన్ని తుడిచేస్తూనే ఉంది. ఎస్తేరు కూడా రోజూ సముద్రాన్ని చూసింది కానీ, విన్నది లేదు.

"నాను ఇన్నాను, సిన్నప్పుడు," అన్నాడు అప్పలకొండ. "మరిసిపోనాను."

ఆ ఆదివారం సాయంత్రం వీధిలో సగం మంది బస్సెక్కి ఉప్పాడ తీరానికి వెళ్ళారు. పూస తీయడం నేరం కాదు గానీ, దంతాలు తీసి చేతిలో పెట్టుకున్నట్టు అందరికీ సిగ్గుగా ఉంది. ముందు ప్రభుదాసు తీశాడు. తీసిన వెంటనే రెండడుగులు వెనక్కి వేశాడు.

"అమ్మో," అన్నాడు.

ఎస్తేరు తీసింది. ఒక పెద్ద శబ్దం వచ్చి ఆమెను నిలువునా తాకింది, వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చింది. ఇంతటిది రోజూ పక్కనే ఉందా అనుకుంది. కరుణమ్మ ఇసకలో కూలబడి నవ్వుతోంది. ఎవరో పిల్లాడు భయపడి ఏడిస్తే, ఆ ఏడుపు కూడా అందరికీ వినిపించింది, అంతా వాడి వైపు తిరిగారు.

ఇంటి దగ్గర్నుంచి తెచ్చిన కాగితాల మీద తలా ఒక మాట రాసి కెజియాకు ఇచ్చారు. కరుణమ్మ ‘మూకుట్లో ఒకేసారి బజ్జీలన్నీ వేసినట్టు’ అని రాసింది. ప్రభుదాసు ‘పెద్ద ఇంజను ఆగబోయి మళ్ళీ అందుకున్నట్టు’ అని రాశాడు. అప్పలకొండ ‘మా అమ్మ బియ్యం చెరుగుతున్నట్టు’ అని రాసి కళ్ళు తుడుచుకున్నాడు. ఎస్తేరు చాలాసేపు ఆలోచించి ‘నువ్వు నిద్రలో ఊపిరి తీసినట్టు’ అని రాసింది.

కెజియా అన్నీ చదివింది. తలెత్తి అందరినీ వింతగా చూసింది. పెన్సిలు తీసుకుని రాసింది.

‘మీ అందరికీ ఒకేలా వినిపించదా?’

వినేవాళ్ళంతా ఒకే లోకంలో ఉన్నారనీ, తానొక్కతే బయట ఉన్నాననీ ఆ పిల్ల ఇన్నాళ్ళూ అనుకుంది. ఎస్తేరు అడ్డంగా తలూపింది. కెజియా కాసేపు నీళ్ళ వైపు చూసి, ఇంకో కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని నెమ్మదిగా రాసి అందరికీ చూపించింది.

‘నాకు కాళ్ళలో వినిపిస్తుంది. ముందు చక్కిలిగింత. తర్వాత నేల వెళ్ళిపోతుంది. నేను ఉంటాను.’

అప్పలకొండ దాన్ని పైకి చదివాడు. కరుణమ్మ లేచి చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, అల తడిపే చోటికి వెళ్ళి నిలబడింది. ఆమె పక్కన ప్రభుదాసు, ఆ పక్కన ఎస్తేరు, తర్వాత ఒక్కొక్కరే మిగతావాళ్ళు వచ్చి వరసగా నిలబడ్డారు. కెజియా వాళ్ళ ముందు నుంచి నడుస్తూ, కళ్ళు మూసుకోమని ఒక్కొక్కరికీ సైగ చేసింది. రెండు అరచేతులతో వాళ్ళ చెవులు మూయించింది.

అల వచ్చింది.