అసలు మందు ఎవరికి?

డిటెక్టివ్ నిదానం ఆఫీసుకు వచ్చేవాళ్ళు రెండు రకాలు. కుర్చీ చూపించకముందే కూలబడేవాళ్ళు కొందరు, ఎంత చూపించినా కూర్చోనివాళ్ళు కొందరు. ఆ ఉదయం వచ్చినామె రెండో రకం. చేతిసంచీ గుండెలకు అదుముకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మా ఆయన మందు ఎవరో కాజేస్తున్నారండీ," అంది. "సోమవారానికి సంగతి తేలకపోతే ట్రయల్‌లోంచి తీసేస్తారట. తీసేస్తే మనిషి నాకు దక్కడు."

"నిదానం, నిదానం. ముందు కూర్చోండి," అన్నాడు ఆయన. నోరు తెరిస్తే ఆ మాటే వస్తుంది కాబట్టి ఊళ్ళో వాళ్ళు దాన్నే పేరుగా ఖాయం చేశారు. ఆయన సహాయకురాలు కోర్టులో ఏళ్ళ తరబడి సాక్ష్యాలు టైపు కొట్టి వచ్చిన మనిషి. ఆయన దగ్గినా దాని వెనక ఏదో కారణం ఉంటుందని ఆవిడ నమ్మకం. చాలాసార్లు అది ఉత్త దగ్గే.

వచ్చినామె భర్త వడ్రంగి. రక్తం పాడైపోతే, ముక్కూ మొహం తెలియని ఎవరో దాత ఇచ్చిన మూలకణాలు ఎక్కించారు. ఇప్పుడు భార్యాభర్తలిద్దరూ ఆసుపత్రి పక్కనున్న రోగుల బసలో ఉంటున్నారు.

"కొత్తగా వచ్చిన కణాలు ఒక్కోసారి ఆ ఒంటి మీదే తిరగబడతాయటండీ. చర్మం, పేగులు, కాలేయం, దేన్నీ వదలవట. అది రాకుండా ఆపుతుందేమోనని రెండు నెలల పైగా ఓ కొత్త మందు పరీక్షిస్తున్నారు. మామూలు మందులు అందరికీ ఉంటాయి. వాటితోపాటు సగంమందికి ఈ కొత్తది, సగంమందికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తిది. ఎవరికి ఏది పడిందో డాక్టరుగారికి కూడా తెలీదు."

"మరి కాజేస్తున్నారని ఎలా తెలిసింది?"

"రక్తం పరీక్షలు బయటి సంఘం ఒకటి చూస్తుంది. ఆయన రక్తం మందు లెక్కకు సరిపోవడం లేదని మాత్రం కబురంపారు, ఏ మందో చెప్పకుండా. ఆయనేదో మానేశాడని డాక్టరుగారి అనుమానం. నా చేత్తో నేనే ఇస్తున్నానండీ! రెండు వారాలుగా అసలు మందు పడుతుంటే ఒళ్ళు ఇలా ఎందుకు ఎర్రబడుతుంది? ఆ పక్కగది టైలరమ్మ మీదే నా అనుమానం. వాళ్ళదీ మాదీ ఒకటే ఫ్రిజ్."

ఆమె వెళ్ళాక టైపిస్టు పెదవి విరిచింది. "పక్కింటామె మీద నింద వేయడం ఎంత తేలికో!"

"మీరు ఆమె మాటలన్నీ టైపు చేశారుగా. జాగ్రత్తగా దాచండి," అన్నాడు నిదానం. ఇది ఉత్త దగ్గు కాదని ఆవిడకు అర్థమైంది.

బస మేడ మీద రెండే గదులు, మధ్యలో ఒక వంటగది. ఫ్రిజ్‌లో పై అరలో రెండు తెల్ల సీసాలున్నాయి. నంబర్లు తప్ప వాటిలో తేడా ఏమీ లేదు. క్యాప్సూళ్ళు కూడా కవల పిల్లల్లా ఉన్నాయి. వాటిని తెచ్చిచ్చే నర్సు నిదానాన్ని చూడగానే కంగారుపడింది.

"సీలు వేసిన సీసాలు తెచ్చి చేతికిస్తానండీ, అంతే. విప్పకూడదు, నమలకూడదు, అలాగే మింగాలని చిలక్కి చెప్పినట్టు చెప్పాను."

"మింగలేక ఇబ్బంది పడ్డవాళ్ళున్నారా?"

"నోరు పూసినవాళ్ళు పాపం చాలా అవస్థ పడతారు. వడ్రంగిగారికి నోరంతా పుళ్ళే. అయినా ఒక్కనాడు కష్టమని అనలేదు. మహా ఓర్పు మనిషి."

ఒక గదిలో టైలరమ్మ తమ్ముడు మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తలమీద వెంట్రుక లేదుగానీ నాలుకకు మాత్రం ఏ లోటూ రాలేదు. క్యాప్సూల్ గుటుక్కున మింగి, "మా అక్క కణాలండీ. ఎక్కించినప్పటినుంచీ నాకూ ఊరికే కోపమొస్తోంది," అన్నాడు.

టైలరమ్మ నవ్వలేదు. "వాళ్ళ సీసా నేనెందుకు ముడతానండీ? ఎవరిది అసలో ఎవరిది ఉత్తుత్తో తెలియకుండా దొంగిలించి నేనేం బావుకుంటాను?"

"మంచి మాటన్నారు," అన్నాడు నిదానం, చాలా గంభీరంగా.

రెండో గదిలో వడ్రంగి గోడకు చేరగిలబడి ఉన్నాడు. అరిచేతులూ చెవులూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. మందు వేళైతే భార్య వంటగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. కాసేపటికి గ్లాసుతో వచ్చింది. అతను గడగడా తాగి, మొహం చిట్లించి, చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిలో చిటికెడు పంచదార వేసింది.

"తీపి ఇష్టమా?" అని అడిగింది టైపిస్టు.

"అబ్బే, ఇదివరకు లేదమ్మా. ఈమధ్యే," అని అతను భార్యవైపు చూశాడు.

ఆ సాయంత్రం నిదానం డాక్టరును కలిశాడు. చిక్కు ఈ ఒక్క రోగితోనే కాదని, టైలరమ్మ తమ్ముడి రక్తంలోనూ ఏదో తేడా ఉందని అప్పుడు తెలిసింది. ఇద్దరి రహస్యమూ విప్పి చెప్పమని సంఘాన్ని అడగాలన్నాడు నిదానం. రోగుల ప్రాణాల మీదికి వస్తే తప్ప అలా విప్పకూడదన్నాడు డాక్టరు. "వచ్చింది. ఆయన చేతులు చూశారుగా," అన్నాడు నిదానం.

ఆదివారం మధ్యాహ్నం అందరూ బస భోజనాల గదిలో చేరారు. డాక్టరు చేతిలో సంఘం పంపిన సమాధానం ఉంది. వడ్రంగికి దుప్పటి కప్పి కూర్చోబెట్టారు.

"టైలరమ్మగారు అడిగిందే అసలు ప్రశ్న," అని మొదలుపెట్టాడు నిదానం. "తేడా తెలియనివాడు దొంగతనం చేయడు. కంటికి తేడా లేదు. ఇక మిగిలింది నాలుక. కానీ క్యాప్సూల్ మింగేసేవాళ్ళకు రుచి తెలియదు. విప్పినవాళ్ళకే తెలుస్తుంది. విప్పాల్సిన అవసరం ఎవరికొచ్చింది? నోరు పూసి, మింగలేని మనిషి ఉన్న ఇంట్లో వచ్చింది."

వడ్రంగి భార్య చేతిసంచీని గుండెలకు అదుముకుంది.

"ఈమె క్యాప్సూల్ విప్పి నీళ్ళలో కలిపి ఇచ్చేది. ఒకరోజు నాలుక మీద వేసుకుని చూసింది. చప్పగా ఉంది. పక్క సీసాలోది విప్పి చూస్తే కటిక చేదు. చేదుగా ఉన్నదే మందు, చప్పగా ఉన్నది ఉత్తుత్తిదని అనుకుంది. మనందరం చిన్నప్పటినుంచీ అలాగే అనుకుంటాం. సీసాల్లో క్యాప్సూళ్ళు మార్చేసింది. అది జరిగి రెండు వారాలు. ట్రయల్ మొదలై రెండు నెలలు దాటిందే, అసలు మందు రెండు వారాలుగానే పడుతోందని నా ఆఫీసులో ఎందుకంది? అప్పుడే నాకు అనుమానం వచ్చింది."

"కంచే చేను మేసిందా!" అని టైపిస్టు పైకే అనేసింది.

"నేనే దొంగనైతే మీ దగ్గరికి ఎందుకొస్తానండీ?" అంది వడ్రంగి భార్య.

"మీరు మార్చి తెచ్చుకున్నదాన్ని మళ్ళీ ఎవరో కాజేశారని భయపడి వచ్చారు. ఎవరూ కాజేయలేదమ్మా. డాక్టరుగారూ, చెప్పండి."

డాక్టరు ఎవరివైపూ చూడకుండా చెప్పాడు. "అసలు మందు పుట్టు చేదు. కడుపులో కరిగిపోకుండా గింజగింజకీ పూత వేశారు. అందుకే నాలుకకు చప్పగా ఉంటుంది. పూత లేని రోజుల్లో, ఎవరైనా విప్పి చూసి గుర్తుపడతారేమోనని ఉత్తుత్తిదాంట్లోనూ చేదు కలిపారు. పూత వచ్చాక ఆ చేదు తీసేయడం మరిచారు. వడ్రంగిగారికి మొదటినుంచీ పడింది అసలుదే. రెండు వారాల కిందటి దాకా."

వడ్రంగి భార్య కూర్చున్నచోటే ముందుకు ఒరిగి, రెండు చేతులతో తల పట్టుకుంది.

"నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను," అంది. "ఆ అబ్బాయికి సొంత అక్క కణాలు. ఎలాగో గట్టెక్కుతాడనుకున్నాను. ఈయనకి ఎవరిదో ఊరూ పేరూ లేని రక్తం. ఈయన పోతే నాకెవరున్నారు?"

టైలరమ్మ లేచి ఆమె ఎదుటికి వచ్చింది. "ఒక్క మాటడుగుతా. నువ్వనుకున్నట్టే అయ్యి మా తమ్ముడు పోయుంటే?"

"జన్మలో నీ మొహం చూసేదాన్ని కాదు." అంది ఆమె. "అయినా మార్చేదాన్నే."

ఇద్దరినీ ట్రయల్‌లోంచి తీసేయక తప్పదని డాక్టరు చెప్పాడు. కలగాపులగమైన మందుతో లెక్క ఏదీ నిలవదు. తమ్ముడికి ప్రస్తుతం ప్రమాదం లేదు. వడ్రంగిని మాత్రం వెంటనే వార్డులో చేర్చి గట్టి మందులు మొదలుపెట్టాలి. కొత్త మందును ఆయనకు ట్రయల్‌తో పనిలేకుండా ఇప్పించమని సంఘానికి రాశానన్నాడు. ఇస్తారో ఇవ్వరో తనకూ తెలియదన్నాడు.

"రుచి మారినట్టు మీకు తెలిసిందిగా. ఎందుకు చెప్పలేదండీ?" అని నిదానం వడ్రంగిని మెల్లగా అడిగాడు.

"చేదుగా ఉందని మొహం చిట్లించగానే దీని మొహం వెలిగిపోయిందండీ," అన్నాడతను. "నాకు జబ్బొచ్చాక దాన్నలా చూడలేదు. ఎందుకని అడగబుద్ధి కాలేదు. అది నవ్వుతుంటే రోజూ తాగేశాను."

ఆమె నేలమీదికి జారి అతని కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. టైపిస్టు కిటికీవైపు తిరిగింది.

అందరికంటే ముందు కదిలింది టైలరమ్మే. "లే," అంది కటువుగా, ఆమె రెక్క పట్టుకుని. "ముందు ఆయన్ని వార్డుకి తీసుకెళ్ళాలి. ఒక పక్క నువ్వు పట్టుకో, ఇంకోపక్క నేను పట్టుకుంటా. నిన్ను క్షమించానని మాత్రం అనుకోకు."