నాలుక కింద కెమెరా

"సిస్టర్! ఈవిడకి రక్తం ఆగిపోయింది!"

రక్తం ఆగిపోయిన మనిషి దిండ్లకు ఆనుకుని కూర్చుని, నోట్లో పెన్నంత కెమెరాతో, దాన్ని పట్టుకున్న కుర్ర డాక్టర్నీ, సిస్టర్‌నీ మార్చి మార్చి చూస్తోంది. ఆవిడ రిటైరైన లెక్కల టీచరమ్మ. గుండెకు బైపాస్ అయింది.

సిస్టర్‌కు చిర్రెత్తుకొచ్చింది. మానిటర్ చూస్తే బీపీ, పల్స్ భేషుగ్గా ఉన్నాయి. టీచరమ్మ వేలిగోరు నొక్కి వదిలితే తెల్లబడిన చోట వెంటనే ఎరుపు తిరిగింది.

"రక్తం ఆగిపోయిన మనిషి ఇందాక కాఫీ కోసం నాతో పోట్లాడిందా డాక్టర్?"

"పెద్ద నాళాల్లో బానే ఉందండీ. నేను చెప్పేది వెంట్రుక కంటే సన్నటి వాటి సంగతి. గుండె ఆపరేషన్ తర్వాత ఒక్కోసారి పైకి అన్నీ బాగున్నట్టే ఉంటాయి, లోపల అవయవాలకి మాత్రం రక్తం అందదు. అది ముందే తెలియాలంటే నాలుక కిందే చూడాలి. స్క్రీన్ మీద ఒక్క కణమైనా కదుల్తోందా, మీరే చెప్పండి!"

కదలడం లేదు. ఒళ్ళు మండేది అందుకే.

ఈ కుర్ర డాక్టరు పరిశోధన పేరుతో ఐసీయూలో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఇదే గోల. అందరూ 'నాలుక డాక్టర్' అంటారు. నోట్లో నాలుక లేని మనిషి, లోకంలో ఇంకేం దొరకనట్టు పేషెంట్ల నాలుకల వెంట పడ్డాడు. పొద్దున తీసిన వీడియోల్లో రక్తం చకచకా పరుగెత్తేది. మధ్యాహ్నం ఆమె డ్యూటీ ఎక్కితే చాలు, అదే పేషెంట్లకు ఎక్కడిదక్కడ నిలిచిపోయేది.

ఆ వీడియోలు చూసి పెద్ద డాక్టరు టీచరమ్మను వార్డుకు పంపడం ఆపేశారు. సిస్టర్‌ను పిలిచారు.

"నీ షిఫ్టులోనే ఎందుకమ్మా ఇలా? మందుల పంపులు సరిగ్గా చూస్తున్నావా? సంగతి తేలేదాకా సోమవారం నుంచి ఓపీలో ఉండు."

గుండె ఐసీయూలో చోటు కోసం ఆమె ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. ఇప్పుడు ఓపీలో కూర్చుని టోకెన్లు పిలవాలా? ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. తిన్నగా వెళ్ళి అతని ముందు నిలబడింది.

"మీకు నేనేం అపకారం చేశాను?"

"మీ పేరు నేనెక్కడా రాయలేదండీ. వీడియో తీసిన టైమ్ మాత్రమే..."

"ఆ టైములో డ్యూటీలో ఉండేదెవరు, మా తాతయ్యా?"

అతను కెమెరా అందుకున్నాడు. "మళ్ళీ తీస్తాను. మీ ఎదురుగానే తీస్తాను. ఈసారి తప్పకుండా బాగా వస్తుంది."

రాలేదు. స్క్రీన్ మీద మళ్ళీ అదే నిశ్చలం. సిస్టర్ నెత్తి కొట్టుకోబోయేంతలో, టీచరమ్మ చేతులు ఆడించి కెమెరాను బయటికి లాగేసింది.

"అబ్బాయ్! ఇది నోట్లో పెట్టుకుని చెప్పలేక చస్తున్నాను. పొద్దున పువ్వులా ఆనిస్తావు. ఈ అమ్మాయి పక్కకొచ్చిందా, ఊపిరి బిగబట్టి గునపంలా దించుతావు!"

అతని మొహం పాలిపోయింది. గట్టిగా అదిమితే ఆ సన్నటి నాళాలు నలిగి, నడిచే రక్తం నిలిచిపోతుంది. ఈ పనిలో నేర్పే మొదటి పాఠం అదే.

"సిస్టర్, ఒక్కసారి బయటికి వెళ్తారా?"

"ఇంకా ఎక్కడికి పంపుతారండీ నన్ను? ఓపీ చాలలేదా?"

విసుక్కుంటూనే అద్దాల తలుపు బయట నిలబడింది. అతను కెమెరా మళ్ళీ ఆనించగానే స్క్రీన్ మీద కణాలు బారులు తీరి పరుగెత్తాయి. లోపలికి వచ్చింది. నిలిచిపోయాయి. మళ్ళీ బయటికి వెళ్ళింది. మళ్ళీ పరుగు.

ఆమెకు సంతోషమో మంటో తెలియలేదు. రెండూ ఉన్నాయి.

"నా చెయ్యే తప్పు చేసింది," అన్నాడతను నేల చూపులు చూస్తూ.

"నాతో అంటే సరిపోదు. నా చోటు పోతోంది."

ఏదో వంక చెప్పి తప్పించుకుంటాడనుకుంది. అతను తిన్నగా రౌండ్స్‌లో ఉన్న పెద్ద డాక్టరు దగ్గరికే నడిచాడు. ఆమె వెనకే వెళ్ళింది.

"సార్, మధ్యాహ్నం వీడియోలన్నీ తప్పు. కెమెరా నేనే గట్టిగా అదిమాను. అవన్నీ తీసేయాలి."

"సగం పరిశోధన పోతుందయ్యా! అయినా, ఈ అమ్మాయి షిఫ్టులోనే ఎందుకు అదిమావు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఆవిడంటే నాకు ఇష్టం సార్. పక్కన నిలబడితే నా చెయ్యి నా మాట వినదు."

పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని సిస్టర్ వైపు తిరిగారు.

"నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదమ్మా. ఇతన్నే పంపించెయ్యమంటావా?"

లోకంలో ఎవడైనా ఇష్టమైన పిల్లకు చెబుతాడు. ఈయన వెళ్ళి పెద్ద డాక్టరుకు చెప్పాడు! ఇలాంటివాడితో ఎలా వేగడం? కానీ తన కోసం సగం పని పారబోసుకున్నాడు, అదీ అందరి ముందూ. ఆమె కోపం చూస్తుండగానే కరిగిపోయింది.

"వద్దు సార్, ఉండనివ్వండి," అంది.

టీచరమ్మ మంచం దగ్గర అతని మణికట్టు కింద తన అరచెయ్యి ఆనించింది.

"పెట్టండి. ఊపిరి తీసుకోండి. తీసుకున్నది వదలండి కూడా!"

స్క్రీన్ మీద ముందు ఒక కణం కదిలింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత అన్నీ.

"కదుల్తున్నాయండీ!"

"నాకూ కళ్ళున్నాయి లెండి. మా అమ్మానాన్నల ముందు కూడా ఇలాగే బిగుసుకుపోతారా?"

అతని చెయ్యి బిగుసుకోబోయింది. ఆమె వదల్లేదు, రక్తం ఆగలేదు.

"ఎప్పుడు రమ్మంటారు?"

కెమెరా నోట్లో ఉండి మాట్లాడే వీల్లేక, టీచరమ్మ రెండు చేతులూ పైకెత్తి దీవించింది.

"ఆదివారం," అంది సిస్టర్. "ముందు ఈవిడ్ని వార్డుకి పంపించండి."