మోత పోయాక మిగిలిన చప్పుడు

ఆగండి. ఫ్యాన్ తిరుగుతుంటే ఆపండి, ఫోన్ బోర్లా పెట్టండి, కాస్త చెవి ఇటు పడేయండి. కథలోకి వెళ్ళేముందు ఈ టేపు వినాలి.

గోఁ...

అంతే. మొదటి నుంచి చివరిదాకా అదే గోల. మధ్యలో ఎవరో నవ్వినట్టుంటుంది. ఇంకోచోట ఎవరో "వంతె..." అని ఏదో అనబోయినట్టుంటుంది. అంతలోనే ఆ మోత దాన్ని మింగేస్తుంది.

"ఈ టేపు కోసం మన మనిషి ఒకడు ప్రాణం పోగొట్టుకున్నాడు," అన్నాడు పెద్దాయన, మిషన్ ఆపి.

పెద్దాయన అంటే ఆ సీక్రెట్ ఏజెన్సీకి చీఫ్. బయట బోర్డు మీద మాత్రం "వాటర్ మీటర్లు రిపేరు చేయబడును" అని ఉంటుంది. ఆయన ఎదురుగా కుర్చీ అంచున కూర్చుని కాలు ఊపుతున్నవాడు ఏజెంట్ చెవులపిల్లి. టోపీ పెట్టినా దాగని చెవులు వాడివి. పక్కగదిలో కప్పులో చెంచా తిప్పితే చక్కెర కరిగిందో లేదో చెప్పేస్తాడని ఆఫీసులో జోకు. ఒక్కచోట కుదురుగా కూర్చోలేడన్నది మాత్రం జోకు కాదు.

"కాలు ఆపరా బాబూ, టేబుల్ ఊగుతోంది."

"ఆ మోత ఏంటి సార్?"

"టైర్లది. విదేశీ ముఠా నాయకుడు దొర ఉన్నాడు చూడు, వాడు రహస్యం ఏదైనా తన స్పోర్ట్స్ కార్లోనే మాట్లాడతాడు. వెడల్పాటి టైర్లు, నేలకి ఆనుకునే ఒళ్ళు, గరుకు రోడ్డు, ఫుల్ స్పీడు. లోపల ఏ మైకు పెట్టినా గోఁ తప్ప ఇంకోటి రాదు. ఆ మోతే వాడి తాళం కప్ప."

"పగలగొట్టాలా?"

"తగ్గించాలి. కారుకి సౌండ్ డ్యాంపింగ్ చేసే మెకానిక్‌గా నువ్వు వెళ్తున్నావ్. నువ్వు అడగక్కర్లేదు, వాడే తెచ్చి అప్పజెబుతాడు. ఈ బండెక్కితే తల పగిలిపోతోంది, ఇక ఎక్కను అని వాడి పక్కన తిరిగే మేడమ్ అలిగి కూర్చుంది."

మేడమ్ పేరు వినగానే చెవులపిల్లి చెవులు కొంచెం ఎర్రబడ్డాయి. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర గోళ్ళు. ఆవిడ నడిచొస్తుంటే సెక్యూరిటీ గార్డులు ఐడీ కార్డు అడగడం మర్చిపోతారు.

"ఆవిడ మన మనిషేనా సార్?"

"మన మనిషే. వాళ్ళ మనిషి కూడా."

"ఎక్కువ ఎవరి మనిషి?"

"అది తెలిస్తే నీతో పనేముందిరా? ఆవిడ్నే అడిగి రాసుకునేవాణ్ణి."

తర్వాత పెద్దాయన గొంతు తగ్గించాడు. నది మీద మూడు వంతెనలున్నాయి. ఈ సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకి వాటిలో ఒకటి పేలుతుంది. ఏదన్నది దొరకి, అక్కడ వ్యానులో కూర్చునే వాడి మనిషికి తప్ప ఎవరికీ తెలియదు. మేడమ్‌కి కూడా కార్లోనే చెబుతాడట, చెప్పాక ఆవిణ్ణి దిగనివ్వడు. మూడు వంతెనలూ ముందే మూసేస్తే వ్యానులోవాడికి అనుమానం వచ్చి అప్పుడే మీట నొక్కేస్తాడు. ఏదో తెలిస్తే చాలు, మనవాళ్ళు చప్పుడు చెయ్యకుండా వెళ్ళి వాణ్ణి పట్టుకుంటారు.

చెవులపిల్లి కాలు ఊపడం ఆగిపోయింది.

వాడి అన్నయ్య సిటీ బస్సు డ్రైవరు. ఆ వేళకి నది దాటుతూ ఉంటాడు. ఏ వంతెన మీదుగా అన్నది డిపోలో డ్యూటీ వేసేదాకా ఆయనకే తెలియదు. పాపం, తమ్ముడు వాటర్ మీటర్లు బాగుచేస్తాడనే నమ్ముతాడు. తన పెళ్ళాం కూడా అదే ఆఫీసులో అదే పని చేస్తోందని ఇంకా గట్టిగా నమ్ముతాడు.

ఆ పెళ్ళామే ఇప్పుడు తలుపు తోసుకుని వచ్చింది. రేడియో సెక్షన్ హెడ్. చెవులపిల్లికి వదిన.

"ఇదిగో మరిదిగారూ, మీ బొమ్మ." అరచేతిలో చొక్కా గుండీ అంత మైకు. "కారు తలుపు మూస్తే నిద్ర లేస్తుంది. ఆపకుండా సిగ్నల్ పంపితే వాళ్ళ డిటెక్టరుకి దొరుకుతుంది కాబట్టి, విన్నదంతా గుక్కలు గుక్కలుగా పంపుతుంది. గుక్క గుక్కకీ లోపల చిన్న స్విచ్ పడుతుంది."

"చప్పుడు వస్తుందా?"

"చీమ తుమ్మినంత. ఆ కారు మోతలో అది ఎవడికి వినపడుతుంది?"

సరిగ్గా ఇక్కడే ఇద్దరూ తప్పులో కాలేశారు. ఆ సంగతి అప్పటికి ఇద్దరికీ తట్టలేదు.

"వదినా, అన్నయ్యకి చెబుదామా?"

వదిన గుండీ వైపే చూస్తూ అంది. "ఆయనొక్కడికీ చెప్పి, మిగతా బస్సులకి చెప్పకపోతే ఎలా? తెలిసిన రోజున ఆయనే నన్ను గడప తొక్కనివ్వడు. వెళ్ళు, మీసం సరిగ్గా అంటించుకో."

*

గ్యారేజీలోకి ఎర్ర కారు గోఁ మంటూ వచ్చి ఆగింది. ముందు మేడమ్ దిగింది, తర్వాత దొర. బూడిద రంగు కళ్ళు. తెలుగు మాత్రం మనకంటే శుభ్రంగా మాట్లాడతాడు.

నూనె మరకల ఓవరాల్, అంటించుకున్న మీసంతో చెవులపిల్లి ఎదురెళ్ళి కోడ్ వదిలాడు. "టైరు మోతా, గాలి మోతా మేడమ్?"

"మోత కాదు, నస," అంది మేడమ్. కోడ్ కలిసింది. కళ్ళద్దాల వెనకేముందో మాత్రం తెలియలేదు.

"మధ్యాహ్నానికల్లా అయిపోవాలి. నేను ఇక్కడే నిలబడతా," అన్నాడు దొర.

నిజంగానే నిలబడ్డాడు, నీడలాగా. చెవులపిల్లి సీట్లు విప్పాడు, కార్పెట్ లేపాడు, డోర్ ప్యానెళ్ళు ఊడదీశాడు. లోపలి రేకుని వేలితో కొడితే ఖాళీ డబ్బాలా టంగుమంది. థిన్నరుతో తుడిచి, నల్లటి డ్యాంపింగ్ షీట్లు కోసి అంటించి, హీట్ గన్ చూపించి, రోలరుతో గట్టిగా అదిమాడు. మళ్ళీ కొట్టాడు. ఈసారి దిండు మీద కొట్టినట్టు ధప్పుమంది. ఫ్లోరంతా షీట్లు పరిచాడు. చక్రాల పైన గుండ్రంగా ఉండే రేకుకి రెండు పొరలు వేశాడు, రోడ్డు మోత ఎక్కువగా దూరేది అక్కణ్ణించే మరి. ఆ మీద ఫోమ్, డోర్ల చుట్టూ కొత్త రబ్బరు బీడింగ్.

ఇంతలో మేడమ్ చేతిలోంచి హ్యాండ్‌బ్యాగు జారి, లిప్‌స్టిక్కు దొర బూట్ల దాకా దొర్లింది. దొర వంగాడు. ఆ ఒక్క క్షణంలో గుండీ ఆవిడ వైపు డోర్ ఫోమ్‌లోకి వెళ్ళిపోయింది.

ప్యానెళ్ళు బిగించాక దొర డిటెక్టరు తీసి కారంతా తడిమాడు. తలుపులు తెరిచే ఉన్నాయి, గుండీ నిద్రలో ఉంది. డిటెక్టరు కిక్కురుమనలేదు.

"ఎక్కు," అన్నాడు దొర. "టెస్ట్ డ్రైవ్. మేడమ్ ఇక్కడే ఉంటుంది."

తలుపులు మూసుకున్నాయి. గరుకు సిమెంటు రోడ్డెక్కి దొర కాలు గట్టిగా నొక్కాడు. స్పీడు ముల్లు పైపైకి పోతోంది, చెట్లు వెనక్కి పరుగెడుతున్నాయి, లోపల మాత్రం చప్పుడు లేదు. తలుపులేసిన బీరువాలో కూర్చున్నట్టుంది. దొర మొదటిసారి నవ్వాడు.

"మాయ చేశావయ్యా."

టిక్.

చెవులపిల్లి చూపు పక్కనున్న డోర్ ప్యానెల్ మీదికి పోయింది.

టిక్.

డ్యాంపింగ్ చేసే ప్రతివాడికీ తెలిసిన విషయం ఇది. పెద్ద మోత తీసేస్తే దాని వెనక దాక్కున్న చిన్న చప్పుళ్ళన్నీ బయటికొస్తాయి. గ్లవ్ బాక్స్ మూత, సీటు బెల్టు బకిల్, అద్దం అంచు. ఇక్కడ బయటపడింది వదిన చీమ. దాన్ని పాత మోతకి తూచారు, కొత్త నిశ్శబ్దానికి తూచలేదు. తమ పని తామే అంత బాగా చేసుకున్నారు.

"విన్నావా?" అన్నాడు దొర.

"ఏంటి సార్?"

"ఆ చెవులు పెట్టుకుని వినపడలేదంటావా?"

"టైర్లో రాయి ఇరుక్కున్నట్టుంది సార్. పక్కకి ఆపండి, చూస్తా."

కారు ఆగీ ఆగకముందే తలుపు తీశాడు. గుండీ నిద్రపోయింది. వెనక చక్రం దగ్గర కూర్చుని రోడ్డు పక్కనున్న కంకరలోంచి మొనదేలిన రాయి ఒకటి ఏరి, టైరు గాడిలో పెట్టి, స్పానరు వెనకవైపుతో ఒక్కటిచ్చాడు. దొర దిగి వచ్చేసరికి రాయి లోతుగా దిగి ఉంది.

"లాగేయ్."

"లాగితే గాలి పోవచ్చు సార్. ఈ బండికి స్టెప్నీ కూడా ఉండదు. గ్యారేజీలో చక్రం విప్పి తీద్దాం, కాస్త టైం పడుతుంది."

దొర వాచీ చూసుకున్నాడు. "తిరిగొచ్చాక తీద్దువుగాని."

గ్యారేజీ దగ్గర వీణ్ణి దింపేశాడు. మేడమ్ ఎక్కింది. ఎర్ర కారు మలుపు తిరిగి కనుమరుగయ్యాక గానీ చెవులపిల్లికి రెండో తప్పు తట్టలేదు. రాయి చక్రంతో పాటు తిరుగుతుంది. చక్రం ఆగితే ఆగుతుంది.

గుండీ ఆగదు.

*

"నీ మీసం సగం ఊడింది," అంది వదిన, ఎర్ర కారు వెనకాలే పోతున్న తమ వ్యానులో హెడ్‌ఫోన్స్‌లో ఒకటి ఇస్తూ. "అబ్బ, ఎంత క్లియర్‌గా ఉందో. ఆవిడ గాజులు కూడా వినపడుతున్నాయి."

"వదినా, దారిలో ట్రాఫిక్ సిగ్నల్ ఉందా?"

"నది రోడ్డు ముందు ఒకటుంది. ఎందుకు?"

చెప్పేలోపే ఎర్ర లైటు పడింది. ముందు ఎర్ర కారు ఆగింది. హెడ్‌ఫోన్‌లో రాయి చప్పుడు ఆగిపోయింది. ఆ ఖాళీలో...

టిక్.

"బండి ఆగింది కదా," అంది దొర గొంతు, మెల్లగా. "రాయి ఇంకా ఎలా తిరుగుతోంది?"

టిక్.

డోర్ ప్యానెల్ మీద అరచెయ్యి పాకుతున్న చప్పుడు. మైకు దగ్గరికొస్తోంది. చెవులపిల్లి వ్యాను తలుపు తీయబోయాడు. వదిన వాడి కాలరు పట్టుకుని వెనక్కి లాగింది. "దిగితే ఆవిణ్ణి ఇక్కడే చంపేస్తాడు. కూర్చో."

అప్పుడు వినపడింది. టిక్ టిక్, టిక్. టిక్ టిక్, టిక్. రేకు మీద కాదు, కిటికీ అద్దం మీద.

"ఆ గోటి చప్పుడు నీదా?" అన్నాడు దొర.

"మరి ఎవరిది?" అంది మేడమ్, ఆవలిస్తూ. "ఇంత నిశ్శబ్దంగా ఉంటే నాకు తోచదు. ముందు తలనొప్పి, ఇప్పుడు విసుగు. నన్ను సుఖపెట్టడం నీ వల్ల కాదు."

దొర ఊపిరి వదిలాడు. పచ్చ లైటు. రాయి మళ్ళీ అందుకుంది.

"విసుగు ఇప్పుడే పోతుంది," అన్నాడు దొర. "పాత వంతెన. నడిమధ్యలో బూడిద రంగు వ్యాను. నేను ఫోన్ చేసిన వెంటనే పేలుతుంది, ఒడ్డున ఆగి చూద్దాం."

వదిన చెయ్యి అప్పటికే వైర్‌లెస్ మీద ఉంది. "పాత వంతెన, బూడిద వ్యాను, మధ్యలో. త్వరగా."

తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. ఎర్ర కారు నది ఒడ్డున ఆగింది. దొర ఫోన్ తీశాడు. వంతెన మీద బస్సుల మీద బస్సులు. రింగవుతోంది. రింగవుతోంది. అవతల ఎవరో ఎత్తారు.

"ఇక కానివ్వు," అన్నాడు దొర.

"వాటర్ మీటర్ల ఆఫీసండి," అంది పెద్దాయన గొంతు, ఆయాసపడుతూ. "మీది ఏ ఏరియా?"

చెవులపిల్లి దొరని కాలరు పట్టి బయటికి లాగుతుండగా వదిన ఫోన్ మోగింది. అన్నయ్య.

"పాత వంతెన మీద ఇరుక్కుపోయానే. ఎవరో బూడిద వ్యానుని ఎత్తుకుపోతున్నారు, రాంగ్ పార్కింగ్ అనుకుంటా. ఇంటికి లేటవుతుంది, నువ్వు తినేసెయ్."

"తినను. నువ్వు రా," అంది వదిన. ఫోన్ పెట్టేసింది.

దొర చేతులకి బేడీలు వేసి వెనక్కి తిరిగి చూస్తే మేడమ్ లేదు. సీటు మీద పగిలిన ఎర్ర గోరు ముక్క ఒకటి ఉంది.

*

కారుని గ్యారేజీకి తెచ్చారు. చెవులపిల్లి టైర్లోంచి రాయి పీకాడు, ఫోమ్‌లోంచి గుండీ తీసి వదిన చేతిలో పెట్టి పంపేశాడు. ఎందుకో మళ్ళీ లోపలికెక్కి, తలుపు మూసుకుని, మేడమ్ సీటులో వెనక్కి వాలాడు. ఇంత నిశ్శబ్దం తన చేత్తో చేసిందే. పొద్దున భయంతో ఆగిన కాలు ఇప్పుడు హాయిగా ఆగింది.

టిక్.

కదల్లేదు. గుండీ వదిన దగ్గరుంది. రాయి తన జేబులో ఉంది.

టిక్. ఇది ఇంకాస్త నెమ్మదైనది. సీటు కిందినుంచి వస్తోంది. చెయ్యి పెట్టి తడిమితే తగిలింది. గుండీ లాంటిదే, వదిన చేసిన రకం కాదు. దాని అంచున ఎర్ర గోళ్ళ రంగు గీరుకుపోయి ఉంది.

అయితే సిగ్నల్ దగ్గర ఆ గోరు కాపాడింది ఎవరి మైకుని? వీళ్ళదాన్నా, మేడమ్ పెట్టుకున్నదాన్నా? కాపాడింది ఏదైనా, ఆ గోరే లేకపోతే ఈ రాత్రి వదిన ఒక్కతే తినేది. ఈ సంగతి పెద్దాయనకి చెబితే ఆవిణ్ణి వెతికి పట్టుకుంటారు, పట్టుకుంటే వదిలిపెట్టరు. చెప్పకపోతే అవతల ఎవరో, ఎక్కడో, ఇప్పుడు వీడి ఊపిరి కూడా వింటూ కూర్చుంటారు.

పెద్దాయన వచ్చి అద్దం మీద వేలితో తట్టాడు. "ఏరా, అంతా చూశావా? లోపల ఇంకేం లేదుగా?"

చెవులపిల్లి గుప్పిట్లో ఉన్నది మళ్ళీ టిక్‌మంది. డ్యాంపింగ్ బాగా చేశాడు కాబట్టి బయటికి వినపడలేదు.

మీరైతే ఏమని జవాబిచ్చేవారు?